పడమటి సీమలో పిల్లల వేసవి

బడులకు సెలవులు ఇచ్చినారు. పుస్తకముల సంచి గూటిలో చేరినది. మొదటి రెండు దినములు ఇల్లు పండుగవలె ఉండును. మూడవనాటికి "అమ్మా, నాకేమీ తోచుట లేదు" అను మాట మొదలగును. ఐదవనాటికి ఆ మాటకు జవాబుగా సెల్‌ఫోను పిల్లవాని చేతికి వచ్చును. ఇది ఒక్క యింటి కథ కాదు. ఏటేట ఏప్రిల్ నెల రాగానే తల్లిదండ్రుల నోట ఈ మాట మేము వినుచునే ఉన్నాము. వేసవి శిబిరమునకు పంపుదమన్న రుసుము అందుబాటులో ఉండదు. ఇంట ఉంచుకొందమన్న ఏమి చేయించవలెనో తెలియదు. చిన్నపిల్లలు గల సామాన్య గృహస్థునకు దారి యేది?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు మేము చరిత్ర వైపు తిరిగితిమి. మన పూర్వులు పిల్లల వేసవికై డబ్బు ఖర్చు పెట్టినవారు కారు. అయినను పిల్లలకు వేసవి గడచినది. అది జీవితాంతము జ్ఞాపకము ఉండునట్లుగా గడచినది. ఎట్లు గడచినదో ఒక చిన్న సీమను తీసికొని పరిశీలింతము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణముల చుట్టుపట్ల ప్రదేశమును మేము ఎన్నుకొన్నాము. అచట పాత ఆటలును, చేతితో చేసి నేర్చుకొనవలెనను కొత్త చదువులును పక్కపక్కనే కనబడుటయే ఇందులకు కారణము.

ఈ మూడు ఊళ్ళును సముద్రమట్టమునకు రెండు వేల అడుగులకు పైబడిన పీఠభూమి మీద ఉన్నవి. చిత్తూరు ప్రాంతము వారికి ఇది పడమటి సీమ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు మదనపల్లె కడప జిల్లా నుండి వచ్చి అందులో చేరినది. పుంగనూరు ఒక జమీ. కుప్పము కంగుంది జమీలోనిది. కోస్తాతో పోల్చి చూచిన ఇచట ఎండ తీక్ష్ణత కొంత తక్కువ. ప్రొద్దు గూకిన పిమ్మట గాలి చల్లబడును. కాని వాన తక్కువ, బ్రతుకు చెరువుల మీద. వేసవికి చెరువు అడుగంటును, మడక మూల చేరును, పెద్దలకు కొంత తీరిక చిక్కును. పిల్లల వేసవి ఆ పెద్దల తీరిక నుండియే పుట్టినది. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని మా కోరిక. మేము చెప్పబోవునదంతయు దీని చుట్టునే తిరుగును.

ఈ సీమలో 19వ శతాబ్దము నుండి రెండు రకముల వేసవులు కనబడును. మొదటిది దొరల వేసవి. మదనపల్లెకు చేరువలో నాలుగు వేల అడుగులకు పైబడిన కొండ ఒకటి కలదు. ఊరివారు దానిని ఏనుగు మల్లమ్మ కొండ యనిరి. కడప జిల్లా కలెక్టరుగా ఉండిన హార్స్లీ దొర ఎండ బాధకు తాళలేక అచట వేసవి విడిది కట్టించుకొనెను. నాటి నుండి అది హార్స్లీ కొండ అయినది. చల్లదనమును వెదకికొని కొండ ఎక్కుట ఆ వేసవి పద్ధతి. దానికి గుఱ్ఱములు కావలెను, బంట్లు కావలెను, బంగళా కావలెను.

రెండవది కొండ క్రింది వేసవి. దానికి కావలసినది ఒక చింతచెట్టు నీడ. చల్లదనము కొరకు ఎచటికిని పోనక్కరలేదు; ఇంటి ముందరి అరుగు, ఊరి బయటి తోపు, రచ్చబండ చాలును. మన తాతముత్తాతలలో నూటికి తొంబది తొమ్మండుగురు ఎరిగిన వేసవి ఇదియే.

చింతచెట్టు పేరు ఊరక చెప్పలేదు. ఈ సీమలో చింతతోపులు విస్తారము. కాయ ముదిరి పండి, వేసవి మొదటికి చెట్టు దులుపుటకు సిద్ధమగును. బండ్ల మీద ఇంటికి వచ్చిన కాయను ముంగిట పోసి, పెంకు ఒలిచి, ఈనెలు తీసి, గింజ కొట్టి, పండును ఉప్పుతో కలిపి కుండలకు ఎత్తుదురు. ఏటికి సరిపడు పులుపు ఆ కొన్ని వారములలో ఇంట చేరవలెను. ఈ పని ఒకరి వలన కాదు. అవ్వ, తల్లి, పినతల్లి, ఇరుగు పొరుగు ఆడువారు గుండ్రముగా కూర్చుండి చేయవలసినది. పిల్లలు వారి చుట్టు చేరుదురు. రాతి మీద గింజ కొట్టు చప్పుడు, దాని నడుమ ఒక కథ, ఒక పొడుపుకథ, ఒక పాట. మధ్యాహ్నమంతయు అట్లు గడచును. పండు పెద్దలకు, గింజ పిల్లలకు.

ఆ గింజకు వేరే ఉపయోగములు లేకపోలేదు. దానిని వేయించి తిందురు. దాని పిండితో కంబళ్ళకు గంజి పెట్టుదురు. అయినను దోసెడు గింజలు పిల్లలకు విడిచిపెట్టుటకు ఏ తల్లియు వెనుదీయలేదు. ఆ దోసెడు గింజలే వారి వేసవి పెట్టుబడి.

దానితో ఏమి ఆడిరి? మొదట చెప్పవలసినది వామనగుంటలు. రెండు వరుసలలో వరుసకు 7 చొప్పున 14 గుంటలు. కొయ్య పలక ఉన్న ఇండ్లలో పలక, లేనిచోట మట్టి నేలలో వేలితో తీసిన గుంటలు. గుంటకు 4 చొప్పున 56 గింజలు పోయుదురు. కొన్ని ఇండ్లలో 5 చొప్పునను పోయుదురు. ఒక గుంటలోని గింజలన్నియు తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా వదలుచు పోవలెను. చేతిలోనివి అయిపోయిన పిమ్మట ముందరి గుంటలోనివి తీసికొని మరల పంచవలెను. ముందరి గుంట వట్టిదైనచో, దాని అవతలి గుంటలోని గింజలు ఆడినవారికి దక్కును. ఆట ఇంతే. కాని ఏ గుంట నుండి ఎత్తిన చేయి ఎచట ముగియునో ముందుగా కనుగొనగలవాడే గెలుచును. లెక్క నేర్పుచున్నామని ఎవ్వరును అనరు. ఆరేండ్ల బిడ్డ మాత్రము పది గుంటల ముందరి లెక్కను కంటితో చూచుట నేర్చుకొనును.

ఈ ఆట మన ఒక్కరిది కాదు. ఆఫ్రికా ఖండమంతటను, అరబ్బు దేశములలోను, సింహళమునను, ఇండోనేషియా దీవులలోను గుంటలలో గింజలు పంచు ఆటలు కలవు. ఆఫ్రికా నుండి బానిసలుగా కొనిపోబడినవారు సముద్రము దాటి కరీబియను దీవులకు ఈ ఆటను తీసికొనిపోయిరి. వారి వెంట పలక పోలేదు, గింజ పోలేదు. జ్ఞాపకములో ఆట పోయినది. నేల ఎచటనైనను దొరకును గదా!

రెండవది అష్టాచెమ్మ. నేల మీద సుద్దతో వరుసకు 5 చొప్పున 25 గడులు గీయుదురు. గవ్వలు లేనివారు నాలుగు చింతగింజలను ఒక వైపు గరుకురాతి మీద అరగదీసి తెలుపు తేల్చుదురు. నాలుగును తెల్లగా పడిన చెమ్మ, అనగా 4. నాలుగును నల్లగా పడిన అష్ట, అనగా 8. కాయలను గడుల వెంట త్రిప్పి నడిమి గడిలో పండించుకొనవలెను. గింజ అరగదీయుటకే ఒక పూట పట్టును. అంగడిలో కొన్న పాచికకు ఆ పూట ఉండదు.

మూడవది పులిజూదము. మూడు పులులు, పదునైదు మేకలు. ముక్కోణపు గీతల మీద ఆడుదురు. పులి మేక మీదుగా దుమికి దానిని చంపును. మేకలు ఒకదానిని ఒకటి కాచుకొనుచు పులిని కదలలేకుండ కట్టివేయవలెను. పులుల పక్షమున ఆడుటకు ప్రతి పిల్లవాడును తొందరపడును. నాలుగు ఆటలు ఓడిన పిమ్మట మేకల బలము వానికి తెలియును.

ఈ ఆటలు ఎంత పాతవని శ్రోతలు అడుగవచ్చును. మన సాహిత్యము వీనిని మరువలేదు. పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుడు యుద్ధమునకు కదలుటకు ముందు బొంగరములాట వచ్చును. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లు పట్టికవలె గ్రుచ్చి చెప్పబడినవి. వానిలో కొన్నిటిని ఎట్లు ఆడుదురో నేడు చెప్పగలవారు లేరు. పేరు మిగిలినది, ఆట పోయినది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములతోపాటు పులిజూదమునకును చోటిచ్చినారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన తొలి బహుమానము ఆ గ్రంథమునకే లభించినది. జాతి చరిత్రలో పిల్లల ఆటకు చోటున్నదని పండితులు అంగీకరించినారన్నమాట.

ఇక కుప్పము వైపు పోదము. ఆ ఊరు మూడు భాషల కూడలి. ఒక వైపు తమిళ సీమ, ఒక వైపు కన్నడ సీమ. సంతలో మూడు భాషలు వినబడును. మనము వామనగుంటలన్నదానిని తమిళులు పల్లాంగుళి యందురు, కన్నడిగులు అళిగుళిమణె యందురు. మన తొక్కుడుబిళ్ళ వారికి పాండి, వీరికి కుంటెబిల్లె. మన బిళ్ళంగోడు వారికి కిట్టిప్పుళ్, వీరికి చిన్నిదాండు. మన అష్టాచెమ్మకు అచట దాయమనియు, ఇచట చౌకాబార అనియు పేర్లు. పేరు మారినది గాని గీతలు మారలేదు. పొరుగింటి బిడ్డతో ఆడుటకు కూర్చున్న కుప్పము పిల్లవాడు వ్యాకరణము చదువకయే రెండవ భాషలో లెక్క పెట్టగలడు, మూడవ భాషలో దెబ్బలాడగలడు. ద్రావిడ భాషల అధ్యయనమునకై 1997లో విశ్వవిద్యాలయమును ఆ ఊరనే నెలకొల్పుట ఎంతయు సమంజసముగా ఉన్నది. ఆ పని వీధిలో అంతకు చాలా ముందే మొదలైనది.

ప్రొద్దు వాలిన తరువాత ఆట వీధిలోనికి వచ్చును. పుంగనూరు ఆవు పేరు విననివారు అరుదు. మూడడుగులకు అటునిటుగా ఉండు ఆ పొట్టి ఆవు ఎనిమిదేండ్ల పిల్లవాని కంటికి సమానముగా నిలుచును. మేతకు తోలుకొనిపోయిన పిల్లలకు అది తోడి ఆటకాడు. మేపుకొని వచ్చుచు జొన్నబెండుతో బండి చేయుదురు, చెరువు బంకమట్టితో ఎద్దులు చేయుదురు, మామిడిటెంకను రాతి మీద అరగదీసి బూర చేసి ఊదుదురు. వెన్నెల రాత్రులలో దాగుడుమూతలు, చెడుగుడు. ఎప్పుడైన ఒకనాడు చద్దిమూట కట్టుకొని తోపునకు పోవుట. పోతన భాగవతములో గోపబాలురు చల్దులు ఆరగించిన ఘట్టమును పురాణములో విన్న పిల్లలకు ఆ చద్దిలో ఒక రుచి ఎక్కువ.

ఇంత చెప్పి, ఆ కాలమంతయు బంగారమని మేము అన్నచో అది చరిత్ర కాదు. ఆ అరుగు అందరిదియు కాదు. ఊరి అరుగు మీద కూర్చుండుటకు వీలులేని పిల్లలు ఊరి చివర ఉండిరి. వారును ఇవే ఆటలు ఆడిరి గాని వేరుగా ఆడిరి. పశువుల వెంట పోయిన పిల్లవాడు ఆటకై పోలేదు, కూలికై పోయినాడు. పదేండ్లు దాటిన ఆడపిల్లను వీధి ఆట నుండి లోనికి పిలిచిరి. వేసవి అన్న మశూచికము, విషూచి పేర్లకు తల్లులు గుండె చేతబట్టుకొన్న కాలము కూడ అదియే. మనకు కావలసినది ఆ కాలము తిరిగి వచ్చుట కాదు. దానిలో మంచిదైన ఒక్క అలవాటును ఏరి తెచ్చుకొనుట. అది యేదో ఈ సీమలోనే వెలసిన కొన్ని విద్యాసంస్థల చరిత్ర చెప్పుచున్నది.

మదనపల్లెలో 1895లో జిడ్డు కృష్ణమూర్తి జన్మించెను. బాల్యమున ఆయన బడిలో మందబుద్ధి యని దెబ్బలు తిన్నవాడు. కాని ఒకనాడు ఇంటి గడియారమును ముక్కలుముక్కలుగా విప్పి, అది ఎట్లు నడుచునో కనుగొని మరల కూర్చునంతవరకు అన్నమునకు కూడ లేవలేదని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసినారు. పలక మీద నిలువని చూపు చేతిలోని వస్తువు మీద నిలిచినది. ఆయన ఆశయములతో 1920వ దశకములో మదనపల్లెకు సమీపమున తెట్టు గ్రామము చెంత ఋషివ్యాలీ విద్యాలయమునకు పునాది పడినది. అచటి పెద్ద మఱ్ఱిచెట్టు ఆ లోయకు గుర్తుగా పేరొందినది.

అంతకు ముందే, 1915లో, అనిబిసెంటు ప్రోద్బలమున మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలసినది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అచట కొన్నాళ్ళు విడిది చేసెను. కళాశాల అధిపతి జేమ్స్ కజిన్స్ ఆయనను ఆహ్వానించినాడు. ఒక సాయంకాలపు పాటల కూటములో రవీంద్రుడు తన జనగణమన గీతమును పాడగా విద్యార్థులు పల్లవి అందుకొనిరి. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ వరుసకు స్వరలిపి కూర్చినది. కవి అచటనే ఆ గీతమును ఆంగ్లమున అనువదించెను. నాడు ఆ కూటమునకు కావలసినది ఒక గది, కొన్ని గొంతులు. అంతకు మించి ఏమియు లేదు. ఇంటిల్లిపాది కలిసి పాడు సాయంకాలమునకు నేటికిని అంతకంటె ఎక్కువ అక్కరలేదు.

ఋషివ్యాలీ వారు 1980వ దశకము చివరి నుండి చుట్టుపక్కల పల్లెలలో చిన్న బడులు నడిపి, చదువును చిన్నచిన్న చీటీలుగా, ఆటలుగా విడదీసినారు. పల్లె కథలు, పాటలు, తోలుబొమ్మలు ఆ పాఠములలోనికి వచ్చినవి. "మెట్రిక్ మేళా" యని ఒక సంత జరుపుదురు. పిల్లలే అంగడి పెట్టి, కూరగాయలు తూచి, చిల్లర లెక్కించి, వచ్చినవారి పొడవు, బరువు కొలుతురు. తల్లిదండ్రులు బేరమాడుటకు వత్తురు. కొలతల పాఠమంతయు ఒక పూట బజారులో ముగియును. ఈ పద్ధతిని చూచిపోయిన కర్ణాటక ఉపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో "నలి కలి" అను పేర దానిని ఆరంభించినారు. ఆడుచు నేర్చుకొనుమని ఆ మాటకు అర్థము.

బోడికొండల మీద చెట్లు పెంచిన ఆ లోయను 1991లో పక్షుల సంరక్షణ ప్రదేశముగా ప్రకటించినారు. హార్స్లీ కొండలలోను అచటను కనబడు పసుపు గొంతు పికిలిపిట్ట దక్షిణ భారతపు రాతిగుట్టలలో తప్ప వేరెచటను దొరకని పక్షి. దానిని చూచుటకు దూరదేశముల నుండి వత్తురు. పక్క ఊరి పిల్లవానికి అది పెరటి పిట్ట.

కుప్పమునకు చేరువలో గుడివంక వద్ద 172 ఎకరముల నేలలో అగస్త్య అంతర్జాతీయ ప్రతిష్ఠానమున్నది. 1999లో ఏర్పడిన ఈ సంస్థ బండిలో విజ్ఞానశాస్త్ర పరికరములు పెట్టుకొని పల్లెబడులకు పోవును. పరికరములన్న పెద్దవి కావు. చౌకగా దొరకు వస్తువులతో చేసిన నమూనాలు. వానిని పిల్లవాడు ముట్టుకొనవచ్చును, విప్పవచ్చును, విరుగగొట్టినను నేరము లేదు. నేర్చుకొన్న పిల్లలు తక్కిన పిల్లలకు నేర్పుదురు.

ఈ మూడింటిని కలిపి చూచిన మాకు తోచిన దొక్కటే. పండితులును సంస్థలును ఎంతో ఆలోచించి కనుగొన్న పద్ధతి, చింతపండు కొట్టు అవ్వ చుట్టు చేరిన పిల్లల పద్ధతియే. చేతిలో ఒక వస్తువు, ఎదుట ఒక తోడు, పక్కన తొందర లేని ఒక పెద్ద. వస్తువు ఖరీదు ఎప్పుడును పెద్దది కాదు. అరుదైనది మూడవది.

కొంతకాలము క్రిందట పాత ఆటల మాటలు రికార్డు చేయుటకై మేము పుంగనూరు సమీపమున ఒక పల్లెకు పోయితిమి. ఎనుబది దాటిన ఒక అవ్వ తన చిన్ననాటి ఆటలు వరుసగా చెప్పినది. పులిజూదము గీతలు నేల మీద పుల్లతో ఒక్క తప్పు లేకుండ గీచినది. "ఇప్పటి పిల్లలకు నేర్పవచ్చును గదా అవ్వా?" యని మేము అడిగితిమి. ఆమె నవ్వి, "నేర్పిచ్చేదానికి నేనుండా నాయనా. నేర్చుకునేదానికి పిలకాయలు వస్తారు. కూడ కూచోనుండేదానికి వాళ్ల అమ్మకి నాయనకి పొద్దు యాడుండాది?" అనినది. మేము జవాబు చెప్పలేకపోయితిమి. ఆ ఉదయమే మా యింట మా చిన్నవాడు "నాన్నా, ఆడుదము రా" యనగా, పని ఉన్నదని చెప్పి బయలుదేరి వచ్చితిమి. ఆ పని పిల్లల ఆటలను రికార్డు చేయుట!

కావున శ్రోతలకు మేము చెప్పబోవు సలహాలు మాకును వర్తించును. ఉదయము ఎండ ముదరకముందు ఒక మూకుడులో నీళ్ళు పోసి పిట్టలకై గోడ మీద పెట్టుడు. ఏ పిట్ట ఎన్ని మార్లు వచ్చినదో పిల్లలచేత ఒక పాత నోటుపుస్తకములో వ్రాయించుడు. వారము తిరుగునప్పటికి వారు పిట్టలను పేరుపెట్టి పిలుతురు. పగలు పది మొదలు నాలుగు వరకు నీడ విడువరాదు. మజ్జిగయో రాగి అంబలియో త్రాగించి వామనగుంటల ముందు కూర్చుండబెట్టుడు. మూడేండ్ల లోపు పసివారికి మాత్రము గింజలు అందనీయరాదు. నోటిలోను ముక్కులోను దూర్చుకొందురు. వారికి తడిమట్టి చాలును. సాయంకాలము వారమునకు ఒకనాడు ఇంటనే సంత పెట్టుడు. త్రాసును ఒక కఱ్ఱ, రెండు మూతలు, దారముతో పిల్లలే చేయగలరు. చెరువునకు, బావికి, కుంటకు ఒంటరిగా పంపరాదు. ఏటేట వేసవిలో ఆ పొరపాటు ఎన్ని ఇండ్లను చీకటి చేయుచున్నదో వార్తలు వినువారికి చెప్పనక్కరలేదు.

రాత్రి మేడ మీదనో ముంగిటనో పడక వేసినపుడు ఉత్తర దిక్కున సప్తర్షులను చూపుడు. ఏప్రిల్, మే నెలలలో రాత్రి భోజనపు వేళకు వారు ఎత్తున ఉందురు. వసిష్ఠుని ప్రక్క అరుంధతి కనబడినదా యని అడుగుడు. పిల్లల కన్ను పెద్దల కంటిని ఓడించును. సప్తర్షులలో మొదటి రెండు చుక్కలను కలిపి క్రిందికి గీత సాగదీసిన ధ్రువుడు దొరకును. మదనపల్లెలో ధ్రువుడు దిగంతమునకు సుమారు 13న్నర డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. చేయి చాచి పిడికిలి పట్టిన అది సుమారు 10 డిగ్రీలు. పిడికిలి మీద మరి రెండు మూడు వేళ్ళు పెట్టినచో ధ్రువుడు. తన చేతితో ఆకాశమును కొలిచిన పిల్లవాడు ఆ రాత్రిని మరువడు.

రేడియోకు ఈ విషయములో ఒక పాత బంధుత్వము కలదు. న్యాపతి రాఘవరావుగారును, కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగు పిల్లలను మైకు ముందుకు పిలిచి ఆడించిరి, పాడించిరి. 1945లో వారు "బాల" పత్రికను స్థాపించిరి. వారు చేసినదియు అవ్వ చేసినదియు ఒక్కటే. పిల్లలతో కూర్చుండుట. రేడియో ఇంటింటికి మాటను మాత్రమే చేర్చగలదు. ప్రక్కన కూర్చుండుట మీ వంతు. దినమునకు అరగంట చాలును. హంసవింశతిలో పేరు మాత్రమే మిగిలిన ఆటల వరుసలో వామనగుంటలు కూడ చేరవలెనా, కూడదా యనునది ఆ అరగంట నిర్ణయించును.

మేము వచ్చుచుండగా అవ్వ ఒక గుడ్డపీలికలో చింతగింజలు మూటకట్టి ఇచ్చినది. ఇంటికి వచ్చి మా చిన్నవాడును మేమును నేల మీద పోసి లెక్కించితిమి. 56 ఉండవలెను, 60 ఉన్నవి. అవ్వ లెక్క తప్పినదని వాడు అన్నాడు. మూట ఇచ్చునపుడు ఆమె చెప్పిన మాట మాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినది: "నాలుగు ఎక్కువే పెట్నా నాయనా. ఆడే పిలకాయలు పారేసుకుంటారు."